పట్టీ దిగిన ట్రామ్

ఆదివారం వస్తోందంటే డేగమ్మకు ముందురోజు నుంచే మోకాళ్ళు లాగేవి. గ్రంథాలయం మేడమీది గదికి ఇరవై ఆరు మెట్లు. మధ్యలో రెండుచోట్ల ఆగి, గోడకు చెయ్యి ఆనించి, ఊపిరి కూడదీసుకుని ఎక్కేది. ఎక్కాక మూడు గంటలపాటు కుర్చీలో కూర్చోవాలి. ఎదురుగా బల్లదీపం, దాని కింద తెల్లగుడ్డ, గుడ్డమీద అరచేతిలో ఇమిడే ఇనప బొమ్మ ట్రాములు. ఇనప బొమ్మలని జనం అంటారుగానీ వాటిలో ఇనుము లేదు. జింకు కలిపిన లోహాన్ని కరిగించి, ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో కొట్టి పోత పోసినవి. ఆ సంగతి ఆవిడ ఎవరికీ దిద్ది చెప్పేది కాదు. చెప్పీ చెప్పీ ప్రాణం విసిగిపోయింది.

డెబ్భై ఒకటో ఏడు నడుస్తోంది. ఇంకా ఆ బొమ్మలు వదల్లేదు.

పందొమ్మిదేళ్ళప్పుడు ఆ బొమ్మల ఫ్యాక్టరీలో చేరింది. ఇరవై ఆరేళ్ళు అక్కడే, చెకింగు బల్ల దగ్గర మూడో కుర్చీలో పనిచేసింది. రంగు వేసి, ఇంకా చక్రాలు బిగించని ట్రాములు ట్రేలలో వరసగా వచ్చేవి. ఒక్కొక్కటీ తీసి, దీపం కింద తిప్పి చూడాలి. రంగు కారిందా, అంచున లోహం పొర మిగిలిందా, కిటికీ కమ్మి వంగిందా అని వెతకాలి. బాగుంటే కప్పు లోపలివైపు కుంచె తోకతో ఒక చుక్క పెట్టి ముందుకు తొయ్యాలి. బాగులేకపోతే ఎర్రబుట్టలో వెయ్యాలి. ఎర్రబుట్టలోవి మళ్ళీ కొలిమికే. ఆవిడ చేతిలోంచి లోపం దాటిపోవడం అరుదు. అందుకే తోటివాళ్ళు డేగమ్మ అని పేరు పెట్టారు. అది మెచ్చుకుని పెట్టిన పేరేం కాదు. ఎర్రబుట్ట నిండితే రంగుల సెక్షనువాళ్ళకు చీవాట్లు పడేవి మరి. అసలు పేరు జీతం పుస్తకంలో మాత్రమే మిగిలింది.

ఫ్యాక్టరీ మూతపడి పాతికేళ్ళు దాటింది. ఆవిడ ఆ తర్వాత ఒక మందుల గోదాములో సీసాల మీద చీటీలు అంటించింది, భర్తను సాగనంపింది, కూతురి దగ్గరకు చేరింది. బొమ్మ ట్రాముల ఊసే మరచిపోయింది. అలాంటిది ఆరేళ్ళ కిందట ఒక పెద్దమనిషి పాత పెన్షను జాబితా పట్టుకుని వెతుక్కుంటూ వచ్చాడు. బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు. ఆ ఫ్యాక్టరీ చేసిన ట్రాములన్నిటికీ ఒక జాబితా తయారుచేస్తున్నాడట. ఏ ట్రాము ఎన్ని రకాలుగా వచ్చింది, ఏ రకం ఎంత అరుదు అని. అందుకే వాళ్ళ బృందంలో ఆయన్ని జాబితా మాస్టారు అనేవాళ్ళు.

"మీరు ఆ బల్ల దగ్గర కూర్చున్న మనిషా! మా పాలిట దేవతలా దొరికారు" అన్నాడాయన, గుమ్మంలో నిలబడే.

దేవతకు ఆ రోజు నడుం పట్టేసి ఉంది. అయినా లోపలికి రమ్మంది.

ఆ పిలుపుతో మొదలైంది. నెలకో ఆదివారం గ్రంథాలయం మేడమీదికి. వచ్చేవాళ్ళు పదిహేను ఇరవైమంది, అందరూ తలలు నెరిసినవాళ్ళే. జేబురుమాళ్ళలో, సబ్బుపెట్టెల్లో, దూదిలో చుట్టి ట్రాములు తెచ్చేవాళ్ళు. ఆవిడ చూసి తేల్చి చెప్పాలి. అచ్చు మొదటిదా, రెండోదా? అచ్చు మారినప్పుడు వెనక మెట్టు కింద ఒక సన్నగీత వచ్చింది. చక్రాలు వాటితో పుట్టినవేనా, వేరే బొమ్మవి తెచ్చి తగిలించారా? అన్నిటికంటే ముఖ్యం, రంగు ఫ్యాక్టరీలో పడిందా, ఎవరింటి పెరట్లోనో పడిందా?

"రంగు రివెట్టు కింద ఉండాలి. మీద కాదు" అనేది డేగమ్మ. "మా దగ్గర రంగేశాకే అడుగురేకు బిగించేవాళ్ళు. మేకు తల మీదికి రంగు పాకిందంటే ఆ బొమ్మని ఎవరో విప్పారన్నమాట. లేదా విప్పకుండా మీదే పూసేశారు."

తెచ్చినవాడి మొహం వాడిపోయేది. ఒకాయన కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాడు. ఆవిడకు ఆ ఏడుపులు కొత్తకాదు. ఇరవై ఆరేళ్ళు రంగుల సెక్షను ఆడవాళ్ళ ఏడుపులు చూసింది. కాకపోతే ఒక్కటే వింత. అప్పుడు ఎర్రబుట్టలో వేసిన లోపాలనే ఇప్పుడు వీళ్ళు కళ్ళకద్దుకుంటున్నారు. రంగు కాస్త ముదిరితే అపురూపం, కిటికీ మూసుకుపోతే అపురూపం, అక్షరం తలకిందులైతే ఇక చెప్పక్కర్లేదు. "నా ఉద్యోగమంతా వీటిని లేకుండా చెయ్యడానికే చేశాను నాయనా" అందోసారి. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వులాటకు అనలేదు.

ఒక్క సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. కప్పు లోపలి చుక్క సంగతి. చెకింగులో నాలుగు కుర్చీలు, నాలుగు రంగుల చుక్కలు. మూడో కుర్చీది ఆకుపచ్చ. చక్రాలూ అడుగురేకూ బిగించాక ఆ చుక్క బయటికి కనబడదు. పళ్ళ డాక్టరు వాడే చిన్న అద్దాన్ని కిటికీలోంచి వంచి పెట్టి, పక్కన టార్చి వేస్తేనే కనిపిస్తుంది. చెబితే నకిలీలు చేసేవాళ్ళు మర్నాటి నుంచే చుక్కలు పెట్టేస్తారు. అందుకని అద్దం పెట్టి చూస్తున్నప్పుడు "లోపల తుప్పుందేమో చూస్తున్నా" అని ఊరుకునేది.

ఆ యేడు వానలు మొదలైన నెలలో, ఆదివారం పొద్దున, బక్కపలచటి దర్జీ ఒకాయన వచ్చాడు. బృందానికి కొత్త. మెడలో కొలతల టేపు తియ్యడం మరచిపోయి అలాగే వచ్చేశాడు. బొత్తాల డబ్బా తెరిచి, బొత్తాల మధ్యలోంచి ఒక ఎర్ర ట్రాము తీసి తెల్లగుడ్డ మీద పెట్టాడు.

"పాతసామాన్ల బండి మీద బొత్తాల డబ్బా కొన్నానండీ. ఇంటికెళ్ళి ఒంపితే అడుగున ఇది" అన్నాడు.

ఎర్ర ట్రాము అందరికీ తెలిసిందే. ఫ్యాక్టరీ వేలకువేలు చేసిన రకం. ఒళ్ళంతా ఎరుపు, కిటికీల చుట్టూ మీగడరంగు పట్టీ. కిటికీల కింద అచ్చులోనే ఉబ్బెత్తుగా ఒక గీత ఉంటుంది, పట్టీ ఆ గీత దగ్గర ఆగిపోవాలి. దీనికి ఆగలేదు. గీత దాటి గోరంచు మందాన కిందికి దిగింది. చుట్టూ ఒకేలా, వంకర లేకుండా, చక్కగా.

జాబితా మాస్టారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఇలాంటిది నేనెప్పుడూ చూళ్ళేదు. ఇది నకిలీ అయినా కావాలి, లేకపోతే అమ్మకానికి ముందు చేసి చూసుకున్న నమూనా ముక్క అయినా కావాలి. నమూనా అయితే..." ఆయన ట్రాము మీదికి వంగాడు. "నమూనా అయితే ఇంతకంటే అరుదైంది ఇంకొకటి లేదు డేగమ్మగారూ. మీరే తేల్చాలి."

డేగమ్మ ట్రామును చేతిలోకి తీసుకుంది. వెల్లకిలా తిప్పి రివెట్లు చూసింది. రంగు వాటి కిందే ఉంది. ఎవరూ విప్పలేదు. పట్టీ అంచుకు భూతద్దం పెట్టింది. రేకు ముసుగు పెట్టి రంగు తుంపరగా కొట్టిన అంచే, కుంచెతో గీసింది కాదు.  అద్దం కిటికీలోకి వంచింది, టార్చి వేసింది.

కప్పు లోపల ఆకుపచ్చ చుక్క.

 వానచినుకులు కిటికీ రేకు మీద టపటపమంటున్నాయి. దర్జీ కొలతల టేపు కొసను వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడ్డాడు.

"ఏమంటారమ్మగారూ?"

"ఇవాళ చెప్పలేను" అంది డేగమ్మ. "వచ్చేసారి చెప్తా."

ఆరేళ్ళలో ఆవిడ నోట ఆ మాట ఎవరూ వినలేదు. 

ఆ ట్రాము సంగతి ఆవిడకు అద్దంలో చూడకముందే తెలుసు. అది నకిలీ కాదు, నమూనా అంతకంటే కాదు. నలభై ఒక్కేళ్ళ కిందట ఆ ఫ్యాక్టరీలో మూడురోజులు ఆ పట్టీ దిగింది. రంగు కొట్టిన మనిషి తుంపర.

తుంపర కూడా పెట్టుడు పేరే. రంగుల సెక్షనులో తుపాకీలాంటి గొట్టంతో రంగు చిమ్మడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. ట్రాముకు రేకు ముసుగు తొడిగి, ముసుగులో కోసిన సందులోంచి మీగడరంగు ఒక్క విసురు విసిరితే పట్టీ దిద్దినట్టు వచ్చేది. ఆమే డేగమ్మా ఒకే వీధి నుంచి నడిచి వచ్చేవాళ్ళు. ఒకే బెంచీ మీద అన్నం తినేవాళ్ళు. చెకింగువాళ్ళూ రంగులవాళ్ళూ కలిసి తినడం ఆ ఫ్యాక్టరీలో విడ్డూరం. "డేగ పక్కన పిచ్చుక కూర్చుంది చూడండే" అని ఎవరైనా అంటే, "పిచ్చుక నేను కాదు, అదీ! నా రంగు ఘాటుకే కళ్ళు తుడుచుకుంటుంది చూడండి" అని తుంపర విరగబడి నవ్వేది.

ఆ రోజుల్లో డేగమ్మ కూతురు చంటిపిల్ల. కోరింతదగ్గు పట్టుకుంది. భర్త లారీల మీద బస్తాలెత్తే పనిలో వెన్ను జారి మంచం మీదున్నాడు. ఇంటికి వచ్చే జీతం ఒక్కటే. వారంరోజులుగా కంటిమీద కునుకు లేదు. అయినా సరే, మూడో కుర్చీలో కూర్చుని ట్రే తరవాత ట్రే చూసింది. రంగు కారలేదు, కమ్మి వంగలేదు. చుక్క పెట్టింది, తోసింది. ట్రేలో ఒకటి తేడాగా ఉంటే కన్ను పట్టుకుంటుంది. ట్రే మొత్తం ఒకేలా తేడాగా ఉంటే కన్ను దాన్నే సరైనదని ఒప్పేసుకుంటుంది. మూడోరోజు పొద్దున ఎవరో అంతకుముందు వారం చేసిన ట్రాము ఒకటి బల్లమీద వదిలిపోయారు. కొత్తది దాని పక్కన పడింది. అప్పుడు చూసింది డేగమ్మ. 

వెంటనే మేనేజరుకు చెప్పింది. ఆయన పరుగున వచ్చాడు, తుంపరను పిలిపించాడు. చూస్తే, ఆమె తొడుగుతున్నది కొత్త ట్రాము ముసుగు కాదు. పెద్ద కిటికీలుండే పాత ట్రాముది. ఒంటి కొలత ఒకటే గనక సరిగ్గా పట్టేస్తుంది. సందు మాత్రం కాస్త కిందిదాకా ఉంటుంది.

"ఎప్పట్నించి ఇలా వస్తోంది?" అని మేనేజరు డేగమ్మను అడిగాడు.

"ఇవాళ పొద్దున్నించేనండీ" అంది డేగమ్మ.

తుంపర పక్కనే ఉంది. ఒక్కమాట మాట్లాడలేదు. ఆ పూట సరుకంతా ఎర్రబుట్టలోకి, అక్కడినుంచి కొలిమిలోకి వెళ్ళింది. అంతకుముందు రెండురోజుల సరుకు అప్పటికే పెట్టెల్లో సర్దుకుని, లారీ ఎక్కి ఊరు దాటింది. దాని గురించి అడిగినవాళ్ళు లేరు. ఆలస్యంగా వస్తోందని అంతకుముందే తుంపర మీద ఒక హెచ్చరిక కాగితం ఉంది. మధ్యాహ్నానికల్లా ఆమెను గేటు బయటికి పంపేశారు.

ఎర్రబుట్టలోవి కరిగిపోయాయి. తుంపర కొట్టిన ట్రేలన్నీ మూడో కుర్చీకే వచ్చేవి. కాబట్టి లోకంలో ఎక్కడైనా పట్టీ దిగిన ట్రాము ఒకటి మిగిలిందంటే, అది డేగమ్మ చూసి, బాగుందని చుక్కపెట్టి పంపిందే అయ్యుండాలి.

ఆ సాయంత్రం కూతురు ఆసుపత్రి లాండ్రీలో పని ముగించుకుని వచ్చేసరికి తల్లి దీపం వెయ్యకుండా కూర్చుని ఉంది.

"ఏంటమ్మా, ఒంట్లో బాలేదా?"

డేగమ్మ జరిగిందంతా చెప్పింది. కూతురు ఇస్త్రీ ఆవిరికి ఎర్రబడ్డ చేతులు ఒళ్ళో పెట్టుకుని వింది.

"నాకు దగ్గొచ్చినప్పుడా?" అంది చివరికి.

"అవును. దగ్గీ దగ్గీ నీలంగా అయిపోయేదానివి."

"అయితే ఇప్పుడేం చేస్తావు? నిజమైందే అని చెప్పేసెయ్. అంతవరకు చాలుగా వాళ్ళకి."

"ఎలా వచ్చిందని అడుగుతారు. నమూనా అనుకుంటున్నాడు మాస్టారు. ఔనంటే అచ్చువేస్తాడు. కాదంటే తుంపర సంగతి చెప్పాలి. అది తప్పు కొట్టిందనీ చెప్పాలి. దాన్నడక్కుండా ఎలా చెప్పను?"

"ఎక్కడుంటారో తెలుసా ఆవిడ?"

"తెలుసు" అంది డేగమ్మ. "ఎప్పుడూ తెలుసు."

కూతురు లేచి టీ పెట్టింది.

బుధవారం మధ్యాహ్నం రెండు బస్సులు మారి వెళ్ళింది. మొదటి బస్సులో సీటు దొరకలేదు. రెండోది బోర్డు మార్చుకుని వేరే దారిన పోయింది. ముప్పావుగంట నిలబడితే ఇంకొకటి వచ్చింది. సైకిళ్ళ మరమ్మతు కొట్టు మీద ఒకే గది. నిచ్చెనలాంటి మెట్లు. అవి చూడగానే డేగమ్మకు తిరిగి వెళ్ళిపోదామనిపించింది. కొట్టతను పంపు కొడుతూ తలెత్తి, "పెద్దమ్మ కోసమా? పైనే ఉంది, వెళ్ళండి. తలుపు వేసి ఉండదు" అన్నాడు.

తుంపర మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మనిషి సగమైంది. ఊపిరి తీస్తుంటే లోపల ఏదో ఈల వేసినట్టుంది. ఫ్యాక్టరీ పోయాక మంచాల కంపెనీలో పదిహేనేళ్ళు ఇనప మంచంకోళ్ళకు రంగు కొట్టిందని డేగమ్మ ఎవరి నోటో విని ఉంది. గుమ్మంలో వెలుతురు వెనకవైపు ఉండడంతో మనిషిని గుర్తుపట్టడానికి తుంపరకు కాస్త సమయం పట్టింది.

"ఏవే డేగా. దారి తప్పావా?"

డేగమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది. మెట్లెక్కిన ఆయాసం ఇంకా తీరలేదు.

"కూర్చో ముందు. ఆ స్టూలు కాదు, కాలు విరిగింది. మంచం మీదే కూర్చో. మనిద్దరిలో ఎవరు ముందు పోతారా అనుకుంటుంటే ఇద్దరం ఒకేసారి పోయేలా ఉన్నాం."

కాసేపు ఇద్దరూ ఊపిరి తీసుకోవడంతోనే సరిపోయింది. తర్వాత డేగమ్మ ట్రాము సంగతి చెప్పింది. దర్జీ, బొత్తాల డబ్బా, పట్టీ, కప్పు లోపలి చుక్క, అన్నీ చెప్పింది. ఏదీ దాచలేదు. తుంపర కళ్ళు మూసుకుని వింటోంది. నిద్రపోయిందేమోనని డేగమ్మ ఆగింది.

"చెప్పు, వింటున్నా."

"ఆ రోజు మేనేజరు అడిగితే పొద్దున్నించే అన్నాను. రెండురోజులు నేను చూళ్ళేదని చెప్పలేదు. నీ తప్పు తగ్గించి చెప్పానని ఇన్నేళ్ళూ నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. మూడురోజుల సరుకంటే నిన్ను ఇంకా ఏం చేసేవాళ్ళో అని."

"నాకోసమేం కాదు. నీకోసం చెప్పావు." తుంపర గొంతులో కోపం లేదు. "తెలుసులే. పక్కనే ఉన్నాగా."

"మరి నువ్వెందుకు నోరెత్తలేదు?"

"ఎత్తితే ఏంటి, నన్నుంచేవాళ్ళా? నిన్నూ పంపేవాళ్ళు. ఇద్దరం గేటు బయట నిలబడి ఒకళ్ళ జుట్టు ఒకళ్ళం పట్టుకునేవాళ్ళం. మీ ఆయన మంచం మీద, పిల్ల దగ్గుతో. నాకేముంది, ఒంటిదాన్ని." కాస్త ఆగింది. "ఇంకోటి కూడా ఉందిలే. రెండోరోజు మధ్యాహ్నమే తెలిసింది నాకు, పట్టీ దిగుతోందని."

డేగమ్మ తలెత్తి చూసింది.

"తెలిసే కొట్టాను. డేగకే కనబడలేదు, ఇంకెవరికి కనబడుతుంది అనుకున్నా. మూడోరోజు కళ్ళు తెరుస్తావని నాకేం తెలుసు!" అని నవ్వబోయింది. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది. డేగమ్మ మంచినీళ్ళందించి, వీపు రాసింది. చేతికి ఎముకలే తగిలాయి.

"తెలిసీ ఎందుకు కొట్టావే?"

తుంపర కుడిచెయ్యి చాపింది. చూపుడువేలి మొదట్లో తెల్లటి పాతమచ్చలు మూడు నాలుగు అడ్డంగా ఉన్నాయి.

"కొత్త ముసుగు అంచు ఆకురాయితో రాకలేదు వాళ్ళు. తొడిగిన ప్రతిసారీ కోసుకునేది. రోజుకి ఎనిమిదొందల ట్రాములు. రెండుసార్లు చెప్పాను మేనేజరుకి. చేతికి గుడ్డ చుట్టుకో అన్నాడు. గుడ్డ చుట్టుకుంటే రంగు అంటుతుంది, రంగు అంటితే నువ్వు ఎర్రబుట్టలో వేస్తావు. పాత ముసుగు నున్నగా ఉండేది. అది తీసి తొడిగాను. మొదట కొలత ఒకటే అనుకున్నా. తెలిశాక కూడా కొత్తది తియ్యబుద్ధి కాలేదు."

ఆ చేతులు రోజూ బెంచీ మీద పక్కనే ఉండేవి. డేగమ్మ వాటిని ఎప్పుడూ చూడలేదు. ట్రాములే చూసింది.

"నాతో ఒక్కమాట అనుండాల్సింది."

"అంటే ఏం చేసేదానివి?"

డేగమ్మ ఆలోచించింది. అబద్ధం చెప్పడానికి ఓపిక లేదు.

"ఏమీ చేసేదాన్ని కాదేమో."

"ఆఁ" అంది తుంపర. కిందనుంచి సైకిలు గంట ఎవరో పరీక్షగా రెండుసార్లు కొట్టారు. "దానికేం బాధ లేదే నాకు. ఉద్యోగం ఇంకోటి దొరికింది. నువ్వు వస్తావనుకున్నా, అంతే. ఆ సాయంత్రం వస్తావనుకున్నా. సరేలే, ఆ వారంలో వస్తుందిలే అనుకున్నా. తర్వాత ఇల్లు మారాను, కొత్త ఇల్లు తెలీదేమో అనుకున్నా. కొన్నాళ్ళకి అనుకోవడం మానేశాను."

"తెలుసు ఇల్లు. మూడుసార్లు వీధి చివరిదాకా వచ్చాను."

"వీధి చివరికొచ్చి ఏం లాభం? నేనుండేది ఇక్కడ."

 డేగమ్మ చీర చెంగుతో మొహం తుడుచుకుంది. ఏడుపు రాలేదు, చెమట పట్టింది.

బయల్దేరేముందు అడగాల్సింది అడిగింది. వాళ్ళకు నిజం చెప్పమంటావా, వద్దా?

"చెప్పు. దాచి ఎవరికి కట్టబెట్టాలి? కానీ పొరపాటున జరిగిందని రాయించకు. ముసుగు చెయ్యి కోస్తోంది, అందుకని పాతది వేసింది అని రాయించు. అది రాస్తే చాలు."

తరవాతి నెల ఆదివారం డేగమ్మ ఇరవై ఆరు మెట్లూ ఎక్కి, తెల్లగుడ్డ ముందు కూర్చుంది. దర్జీ ఈసారి టేపు తీసి వచ్చాడు, దానికి బదులు టోపీని నలుపుతున్నాడు. ఆవిడ ట్రామును చేతిలోకి కూడా తీసుకోలేదు.

"నిజమైందే" అంది. "నమూనా కాదు. కొత్త ముసుగు అంచు చేతులు కోస్తుంటే, రంగు కొట్టే మనిషి పాత ముసుగు వాడింది. మూడురోజులు. మూడోరోజువి కరిగించేశారు. మొదటి రెండురోజులవి చెకింగులో పట్టుకోలేదు, అమ్మకానికి వెళ్ళిపోయాయి. చెకింగు చేసింది నేనే."

 వెనకవరసలో ఒకాయన "మీరా?" అన్నాడు, వినిపించదనుకుని.

"నేనే. రెండురోజులు కళ్ళున్నా చూళ్ళేదు."

జాబితా మాస్టారు మొహంలో నమూనా మీది ఆశ కాస్త కాస్తగా ఆరిపోయింది. కాసేపటికి తేరుకున్నాడు. రెండురోజుల సరుకంటే వెయ్యికి పైనే. అందులో ఎన్ని పిల్లల చేతుల్లో విరిగాయో, ఎన్ని మిగిలాయో? అదీ అరుదైందే. కలం తీశాడు.

"పాత ముసుగు, సుమారు రెండురోజుల ఉత్పత్తి. అలా రాసుకుంటాను."

"చేతులు కోస్తున్నందున అని కూడా రాయండి."

"అది జాబితాలో ఎలా రాస్తాం డేగమ్మగారూ? రంగు, అచ్చు, చక్రాలు, ఇవీ మనం రాసేవి. కారణాలు రాయడం మొదలుపెడితే ప్రతిదానికీ ఒక కథ ఉంటుంది."

"ఉంటుంది" అంది డేగమ్మ.

ఆయన సరేనన్నాడు, చూద్దామన్నాడు. గట్టిగా పట్టుబట్టే ఓపిక ఆవిడకు లేకపోయింది. ఆ రోజు ఇంకా పదకొండు ట్రాములు చూడాలి. చూసింది. రెండు నకిలీలు తేల్చింది.

నాలుగు నెలలకు జాబితా అచ్చయి వచ్చింది. కూతురు చదివి వినిపించింది. "మీగడపట్టీ గీతకు దిగువన. పాత ముసుగు. సుమారు రెండురోజుల ఉత్పత్తి. చెకింగులో దాటిపోయినవి. బహు అరుదు." అంతే ఉంది. చేతుల మాట లేదు. కింద చిన్న అక్షరాల్లో, వివరాలు చెప్పినందుకు డేగమ్మకు కృతజ్ఞతలు ఉన్నాయి.

"ఫోను చేసి అడుగుదామా?" అంది కూతురు. ఆమెకు కోపం వచ్చింది.

"ఏమడుగుతాం. చోటు లేదంటాడు. పోనీలే."

పోనీలే అంది గానీ రెండురోజులు అన్నం సయించలేదు. మూడోరోజు తుంపర దగ్గరకు ఆ పుస్తకం పట్టుకెళ్ళి, ఉన్నది ఉన్నట్టు చదివింది. తుంపర విని, "వాళ్ళకి ట్రాము కావాలే, మనం ఎందుకు?" అని దుప్పటి సర్దుకుంది. తర్వాత ఇంకో ఊసెత్తింది. కొట్టతని భార్యకు కవలలు పుట్టారు, వాళ్ళ ఏడుపుకు మధ్యాహ్నం నిద్ర కరువైందని.

దర్జీ మాత్రం ఒక పనిచేశాడు. ఒకరోజు డేగమ్మ జాకెట్టు కుట్టించుకోవడానికి ఆయన కొట్టుకు వెళితే, అరలోంచి ట్రాము పెట్టె తీసి చూపించాడు. అడుగున మడిచిన కాగితం ఉంది. తన చేత్తోనే రాసుకున్నాడు. వంకర టింకర అక్షరాలు. రంగు కొట్టినామెకు కొత్త ముసుగు చెయ్యి కోసుకుపోయేది, అందుకని పాతది వాడింది. జాబితాలో రాయలేదని ఆయనకూ తెలుసు.

"సూది రోజూ గుచ్చుకునేవాణ్ణి, నాకు తెలీదా అమ్మగారూ" అన్నాడు. "ఎవరైనా కొనడానికి వస్తే, ఈ కాగితంతో కలిపితేనే ఇస్తాను."

ఇంతవరకు ఎవరూ రాలేదు. ఆయనకూ అమ్మాలని ఉన్నట్టు లేదు.

డేగమ్మ ఆదివారాలు మానలేదు. మానేద్దామని ప్రతినెలా అనుకుంటుంది. దూదిలో చుట్టుకుని తెచ్చినవాళ్ళ మొహాలు చూసి వెళుతుంది. బుధవారాలు తుంపర ఇంటికి వెళ్ళాలని ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు. ఒక వారం వాన పడుతుంది, ఒక వారం మోకాలు వాస్తుంది, ఒక వారం తుంపరే కొట్టతనితో ఫోను చేయించి "ఇవాళ మాట్లాడే ఓపిక లేదు, రావద్దు" అంటుంది. వెళ్ళిన బుధవారాలకంటే వెళ్ళని బుధవారాలే ఎక్కువ. వెళ్ళినరోజు మాత్రం సాయంత్రం బస్సుల్లో రద్దీ పెరిగేదాకా కూర్చుంటుంది. ఆ తర్వాత నిలబడి రావాలని తెలిసి కూడా.